పువ్వు రాలిన తరువాత

మామిడి పూతను చూచినవాడికి కాయ గుర్తుకు వస్తుంది. గుమ్మడి పువ్వును చూచిన గృహిణికి కూర గుర్తుకు వస్తుంది. గులాబిని చూచినవాడికి మాత్రం గులాబి తప్ప మరేదీ గుర్తుకు రాదు. ఆ పువ్వుకు ముందు మొగ్గ ఉన్నదని అతడు ఒప్పుకుంటాడు గాని, దాని తరువాత కాయ ఒకటి ఉన్నదని చెబితే వెంటనే నమ్మడు. ఇందులో అతని తప్పు ఏమీ లేదు. తోటలలో మనుషులు గులాబిని కాయనివ్వలేదు. పువ్వు వాడగానే కత్తెర వచ్చి దాని మెడ తెంచుతుంది. కాయ కాయటానికి పోవలసిన బలం మరొక మొగ్గకు పోతుంది. అందువల్ల గులాబి మనకు ఎప్పుడూ పడుచుగానే కనబడుతుంది. దాని తల్లితనాన్ని మనం ఎరుగము.

భవానీపూర్‌లో ఒక సందు చివర ఉండిన పాత ఇంటి డాబామీద ఈ నియమం కొన్ని సంవత్సరాలపాటు తప్పింది. ఆ సంగతి చెప్పటానికే ఈ నాలుగు మాటలు.

భవానీపూర్ కలకత్తా నగరానికి దక్షిణ భాగంలో, కాళీఘాటుకు ఉత్తరంగా ఉన్నది. పడమట ఆదిగంగ, నడుమ ఆశుతోష్ ముఖర్జీ మార్గం, హరీశ్ ముఖర్జీ మార్గం, వాటి మధ్య జదుబాబు బజారు. 1984 అక్టోబరులో దేశంలో మొట్టమొదటి భూగర్భ రైలు ఎస్ప్లనేడునుండి బయలుదేరి వచ్చి ఆగినది ఇక్కడనే. వకీళ్ళు, వైద్యులు, ఉపాధ్యాయులు కాపురముండే పేటగా దీనికి పేరు. తరువాత గుజరాతీలు, పంజాబీలు వచ్చి స్థిరపడ్డారు. పక్కనే కాళికాదేవి ఉన్నందువల్ల ఇక్కడ పువ్వు అంటే మొదట ఎర్ర మందారమే. ఉదయం బజారులో మందార మాలలు రాసులుగా ఉంటాయి. గులాబి ఇక్కడి దేవతకు తప్పనిసరి కాదు. అది మనుషులు తమకోసం పెంచుకునే పువ్వు.

ఆ ఇంటి యజమాని ఒక పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధించి 1994లో విశ్రాంతి తీసుకున్నారు. సందులో అందరూ ఆయనను మాస్టర్‌మశాయ్ అనే పిలిచేవారు. కనుక ఇక్కడా ఆ పేరే చాలు. ఆయన పుట్టినది 1934లో, ఆ ఇంటిలోనే. తండ్రి కట్టించిన రెండంతస్తుల మేడ, ముందర కూర్చోవటానికి అరుగు, ఆకుపచ్చ రంగు వేసిన చెక్క కిటికీలు, పైన విశాలమైన డాబా. ఆ డాబామీద పన్నెండు మట్టి కుండీలలో ఆయన గులాబీలు పెంచేవారు.

కలకత్తాలో గులాబి పెంచటం తేలిక పని కాదు. ఎండకు మొక్క వడలుతుంది, వానకు వేరు కుళ్ళుతుంది, చెమ్మకు ఆకుల మీద నల్లమచ్చలు పడతాయి. ఇక్కడ గులాబి పండుగ శీతాకాలమే. దుర్గాపూజలు ముగిసి ఢాకీల డప్పులు సద్దుమణగగానే, అక్టోబరులో మాస్టర్‌మశాయ్ కొమ్మలు కత్తిరించేవారు. కుండీలలో పై మట్టి తీసి నాలుగు రోజులు వేళ్ళకు గాలి తగలనిచ్చి, చివికిన పేడ ఎరువు, ఎముకల పొడి, వేపపిండి కలిపి తిరిగి నింపేవారు. ఆవాల చెక్కను నీటిలో వారం రోజులు నానబెట్టి, తేట నీరు పోసేవారు. ఆ వారం రోజులూ డాబామీద బట్టలు ఆరవేయటానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఆ వాసన అటువంటిది. డిసెంబరులో మొదటి పువ్వు విచ్చేసరికి అందరూ ఆ వాసనను మరచిపోయేవారు.

గులాబికీ ఈ నగరానికీ పాత చుట్టరికం ఉన్నది. 1787లో ఈస్టిండియా కంపెనీవారు హుగ్లీ నది ఆవలి ఒడ్డున శిబ్‌పూర్‌లో వృక్షోద్యానం నెలకొల్పారు. చైనా దేశపు తోటలలోని గులాబీలు ఓడలమీద ఐరోపాకు పోతూ దారిలో ఇక్కడ విడిది చేసేవి. అప్పటివరకు ఐరోపాలోని గులాబీలలో చాలావరకు ఏడాదికి ఒక్క మారే పూసేవి. చైనా గులాబి నెలనెలా పూస్తుంది. ఆ అద్భుతాన్ని చూచిన ఫ్రెంచివారు దానికి బెంగాలు గులాబి అని పేరు పెట్టారు. పుట్టిల్లు చైనా, పేరు బెంగాలుది! నేడు ప్రదర్శనలలో బహుమతులు పొందే పెద్ద పెద్ద పువ్వుల వంశాలలో ఆ నెలసరి గులాబి రక్తం కలిసే ఉన్నది. బెంగాలుకు నిజంగా తనదైన అడవి గులాబి వేరొకటి ఉన్నది. దానిని శాస్త్రజ్ఞులు రోజా క్లైనోఫిల్లా అంటారు. నీటి ఒడ్డున, బురద నేలలో పెరిగి, వరద ముంచినా చావక, తెల్లని ఒంటిరేకుల పువ్వు పూస్తుంది. గులాబి ఎండనూ వాననూ ఓర్చుకోలేదనే మాటకు అది సజీవమైన జవాబు. కాని ప్రదర్శనశాలలో దానికి చోటు లేదు.

మాస్టర్‌మశాయ్‌కి మొదట ప్రదర్శనల మీదనే మోజు. విలియం కేరీ 1820లో స్థాపించిన వ్యవసాయోద్యాన సంఘం తోట అలీపూర్‌లో ఉన్నది. భవానీపూర్‌నుండి నడచి పోదగిన దూరమే. అక్కడి పుష్ప ప్రదర్శనలో ఆయన పువ్వుకు ఒక సంవత్సరం మూడవ బహుమతి వచ్చింది. ఆ కాగితాన్ని అద్దం కట్టించి వసారాలో వ్రేలాడదీశారు. ప్రదర్శనకు పెట్టే పువ్వుకు ఒక్క పురుగు కాటు ఉండరాదు, ఒక్క రేకు మీద మచ్చ ఉండరాదు. అందుకని పదిహేను రోజులకు ఒకసారి మందు చల్లేవారు. పేనుబంకకు ఒకటి, ఎర్రనల్లికి ఒకటి, ఆకుమచ్చకు ఒకటి. అవిగాక మట్టిలో వేస్తే వేరు పీల్చుకుని చిగురుదాకా పంపే మందు ఒకటి ఉండేది. మొక్క తానే విషమైతే పురుగు దాని దరికి రాదు. ఆ ఊహ శాస్త్రం చెప్పే మాస్టరుకు ఎంతో చక్కగా తోచింది.

1972 శీతాకాలంలో ఒక రోజున ఆయన భార్య డాబామీద రాలిన రేకులను ఏరి, కడిగి, పాయసంలో వేసింది. ఆమె పుట్టింట్లో అది అలవాటు. ఆరేళ్ళ కూతురు అందరికంటె ఎక్కువ తిన్నది. ఆ రాత్రి పిల్లకు వాంతులు పట్టుకున్నాయి. రెండు రోజులు పిల్ల మంచం దిగలేదు. మూడవ రోజుకు లేచి అన్నం అడిగింది. జబ్బుకు కారణం రేకులేనని వైద్యుడు తేల్చి చెప్పలేదు. పాలు కావచ్చును, మరేదైనా కావచ్చునన్నాడు. ఆయన ఎంత చెప్పినా మాస్టర్‌మశాయ్‌కి సందేహం తీరలేదు. కడిగిన రేకులే గదా అని భార్య అన్నప్పుడు ఆయన తల వంచుకుని, "పైనున్న మందైతే నీరు కడుగుతుంది. లోపలినుండి వచ్చినదాన్ని ఏ నీరు కడుగుతుంది?" అన్నారు. ఆ మరునాడు మందు డబ్బాలు అటకమీదనుండి దిగాయి. వాటితోపాటు ప్రదర్శనల మోజు కూడా దిగిపోయింది.

ఆనాటినుండి ఆ డాబా భార్య అధీనంలోకి వచ్చిందనవచ్చును. కుండీలు ఆయనవే, కత్తెర ఆయనదే, కాని ఏ మొక్క ఉండవలెనో నిర్ణయించేది ఆమె. పెద్ద పువ్వుల మొక్కలు క్రమంగా పోయాయి. వాటిలో చాలావాటికి రూపమే గాని వాసన లేదు. రేకు నమిలితే కాగితంవలె ఉంటుంది. వాటి స్థానంలో ఎడ్వర్డ్ గులాబీలు వచ్చాయి. అత్తరుకు పేరుపడ్డ డమాస్కస్ గులాబి చలి కోరుతుంది, చైత్రంలో ఒక్క విడత పూసి ఊరుకుంటుంది. కలకత్తా మైదానంలో అది అంతగా నిలవదు. ఎడ్వర్డ్ గులాబిలో తైలం తక్కువైనా, వాసన ఉన్నది, పూత ఎక్కువ నెలలు ఉన్నది. రెండు కుండీలలో నెలసరి లేత గులాబి రంగు పువ్వు, ఆ బెంగాలు గులాబి, నిలిచింది.

ఇంటి పువ్వు ఎందుకు, బజారులో దొరకదా అని ఇరుగుపొరుగు అడిగేవారు. దొరుకుతుంది. హౌరా వంతెన కింద మల్లిక్‌ఘాట్ పూలబజారుకు తెల్లవారకముందే పాంస్‌కుడా, కోలాఘాట్, రాణాఘాట్ ప్రాంతాలనుండి గులాబీలు కట్టలు కట్టలుగా దిగుతాయి. కాని అవి గుత్తులకూ మాలలకూ పండించినవి. తినేవారు ఉంటారని తలచి ఆ రైతు మందు చల్లడు. దేవుడికి పెట్టేదానికి ఒక లెక్క, నోట పెట్టేదానికి మరొక లెక్క. ఆ తేడాను ఆ ఇంటివారు ఒకసారి మరచి తెలుసుకున్నారు.

తినటానికి పువ్వు కోసే పద్ధతి వేరు. సూర్యుడు ఎక్కకముందే కోయవలె. ఎండ తగిలిన కొద్దీ వాసన ఎగిరిపోతుంది. మంచు తడి ఆరి ఉండవలె. తడి రేకు సీసాలో బూజు పడుతుంది. ప్రతి రేకు అడుగున తెల్లగా ఉండే భాగం చేదు, దానిని గిల్లివేయవలె. గుల్కందుకు రేకులకు సమతూకం నుండి రెట్టింపు వరకు పంచదార పడుతుంది. గాజు సీసాలో ఒక వరుస రేకులు, ఒక వరుస పంచదార వేసి మూతి బిగించి మూడు నాలుగు వారాలు ఎండలో పెడితే రేకు తన నీటిలో తానే ఊరి నల్లబడుతుంది. సందేశ్‌లో వేసేటప్పుడు ఛానాను పంచదారతో పొయ్యిమీద కలిపి, దించి, వేడి తగ్గిన తరువాత రేకులు కలపవలె. పొయ్యిమీద ఉండగానే కలిపితే వాసన వంటింటికి పోతుంది, మిఠాయికి మిగలదు.

ఆ పేటలో మిఠాయికి కొదవ లేదు. బలరాం మల్లిక్ వారి దుకాణం 1885నుండి అక్కడనే ఉన్నది. హుగ్లీ ఒడ్డున చందన్‌నగర్‌లో సూర్య మోదక్ పేరు మీద వెలసిన జలభరా సందేశ్ కడుపులో పన్నీరే ఉంటుంది. కొత్త అల్లుడు కొరకగానే పట్టుబట్ట మీద చింది నవ్వుల పాలు కావటానికే దానిని కనిపెట్టారని చెప్పుకుంటారు. పన్నీరు మనకు కొత్త కాదు. గులాబి అత్తరును నూర్జహాను తల్లి కనుగొన్నదని జహంగీరు తన స్మృతులలో వ్రాసుకున్నాడు. గంగ ఒడ్డున ఘాజీపూర్ పన్నీరుకు పేరుపొందిన ఊరు. రవీంద్రనాథుడు ఆ గులాబీల పేరు విని 1888లో అక్కడికి వెళ్ళాడు. పారసీక కవుల తోటలను ఊహించుకుని వెళ్ళిన యువకుడికి అక్కడ కనబడినవి వర్తకుల పొలాలు. కవికి నిరాశ కలిగింది. కాని పొలంలో పండే గులాబికి కూడా ఒక గౌరవం ఉన్నది. మాస్టర్‌మశాయ్ భార్య ఆ పక్షానికి చెందినది.

భార్యాభర్తలకు భేదాభిప్రాయం కలిగింది రేకుల విషయంలో కాదు, కాయల విషయంలో. ఆమె ఒక ఏడాది నెలసరి గులాబిని కోయకుండా వదిలినప్పుడు, కొమ్మ చివర బఠాణీ గింజంతటి పచ్చని ఉండ కట్టి, రెండు మూడు నెలలకు నారింజ రంగుకు తిరిగింది. ఆమె కొరికి చూచి పుల్లగా ఉన్నదని సంతోషించింది. మాస్టర్‌మశాయ్‌కి అది నచ్చలేదు. కాయను ఉంచితే ఆ కొమ్మకు మళ్ళీ పువ్వు రాదని, మొక్క బలమంతా అటు పోతుందని ఆయన వాదం. అది శాస్త్రసమ్మతమైన మాటే. రేకులు కావాలా, కాయలు కావాలా తేల్చుకోమన్నారు.

ఆమె మారు మాట్లాడక ఒక ఉదయం ఆయనను డాబామీదికి తీసుకువెళ్ళింది. విచ్చిన పువ్వును ఎడమచేతితో కిందనుండి పట్టుకుని, కుడిచేతితో రేకులన్నిటినీ ఒక్కసారిగా మెల్లగా లాగింది. రేకులు చేతిలోకి వచ్చాయి. కొమ్మమీద పచ్చని రక్షక పత్రాలు, నడుమ పసుపుపచ్చని కేసరాల గుత్తి, దాని కింద ఉబ్బిన తొడిమ మిగిలాయి. కొద్దిసేపటికి ఒక తేనెటీగ వచ్చి ఆ కేసరాలలో దొర్లింది. రేకు తేనెటీగను పిలవటానికి; అది వచ్చిన తరువాత రేకుతో పని ఏమున్నది? మనం కాయ అనేది నిజానికి ఆ ఉబ్బిన తొడిమే. అసలు ఫలాలు దాని లోపల గట్టి గింజలుగా ఉంటాయి. ఇదంతా ఆయన పిల్లలకు ఏళ్ళ తరబడి బోధించిన పాఠమే. అయినా చేతులారా చూడటం అదే మొదలు. రేకులను, కాయను రెండింటినీ పొందవచ్చునని ఒప్పుకున్నారు గాని, తరువాతి పువ్వును వదులుకోవటానికి మాత్రం ఆయనకు మనసు రాలేదు. వాడిన పువ్వును చూస్తే ఆయన కత్తెర ఆగేది కాదు.

ఆ పట్టుదల వెనుక మరొక మాట ఉన్నది. అది ఒక సాయంకాలం బయటపడింది. ఆమె ఎక్కడో చదివి, రెండవ ప్రపంచయుద్ధంలో ఇంగ్లండు పిల్లలు గులాబి కాయలు ఏరిన సంగతి చెప్పింది. శత్రువుల జలాంతర్గాముల వల్ల నారింజపండ్ల ఓడలు రావటం తగ్గిపోగా, 1941లో అక్కడి ప్రభుత్వం కంచెలలో పండే అడవి గులాబి కాయలను ఏరించింది. ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు 200 టన్నులు పోగయ్యాయి. వాటితో కాచిన పానకం పసిపిల్లలకు సి విటమిను కోసం ఇచ్చారు. తూకానికి తూకం వేస్తే మంచి గులాబి కాయలో ఆ విటమిను నారింజకంటె ఎన్నో రెట్లు ఉంటుంది.

మాస్టర్‌మశాయ్ విని చాలాసేపు ఊరకున్నారు. తరువాత, "అక్కడ పిల్లలు కాయలు ఏరుతున్నప్పుడు, ఈ సందులో ఏమి జరుగుతున్నదో ఎరుగుదువా?" అన్నారు. 1943లో ఆయనకు తొమ్మిదేళ్ళు. పల్లెలనుండి వచ్చినవారు ఆ అరుగు ముందర నిలిచి అన్నం అడిగేవారు కాదు. అన్నం అడగటానికి వారికి నోరు రాలేదు. "ఫ్యాన్ దావో, మా" అని గంజి అడిగేవారు. తల్లి వార్చిన గంజి ఒక కుండలో ఉంచి పోసేది. ఒక ఉదయం గంజి తీసుకోవటానికి నిన్నటి మనిషి లేవలేదు. ఆ కరవులో బెంగాలులో ఇరవైనుండి ముప్పై లక్షలమంది చనిపోయారని అంచనా. "ఆ అరుగుమీద నిలిచి చూచినవాణ్ణి. గులాబీలు తినటం నాకు ఎట్లా మింగుడుపడుతుంది? కళ్ళకోసం పెంచుతున్నానంటే సరే. తిండి అని పేరు పెట్టి పువ్వులు తింటే సిగ్గుగా ఉంటుంది."

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. దీపం పెట్టి వచ్చి, "ఏమండీ, మీరు చూచినది నేనూ చూచాను, మా ఊళ్ళో. మా అమ్మ కలువ దుంపలు తవ్వి ఉడికించేది. తోటకూర వేళ్ళు కూడా పారవేసేది కాదు. ఆకలి చూచినవాళ్ళకు తినదగినదాన్ని కోసి కింద పారవేయటం సిగ్గు కావాలి గాని, తినటం సిగ్గు ఎందుకవుతుంది?" అన్నది.

ఆ ప్రశ్నకు మాస్టర్‌మశాయ్ వద్ద జవాబు లేకపోయింది. ఆ నగరంలోనే సి విటమిను గూర్చి పరిశోధన చేసిన బీరేశ్ చంద్ర గుహ, తరువాతి కాలంలో ఆకులలోని మాంసకృత్తులను మనుషుల ఆహారంగా మార్చే మార్గాలను వెదికాడు. ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞుడూ, కలువ దుంపలు ఉడికించిన తల్లీ ఒకే ప్రశ్నకు జవాబు వెదికారు. విటమినుకోసమే అయితే మన దేశంలో ఎవరూ గులాబి కాయకు ఎదురుచూడనక్కరలేదు. ఉసిరికాయ ఉన్నది, జామకాయ ఉన్నది. కనుక డాబామీది నాలుగు కాయలు ఎవరి ప్రాణమూ నిలబెట్టవు. ఆమె మాటలోని విషయం అది కాదు. చేతిలో ఉన్నదాన్ని అలంకారమని ఒక వర్గంలో, ఆహారమని మరొక వర్గంలో పెట్టి, మొదటిదాన్ని నిర్లక్ష్యంగా పారవేయటం నిండు కడుపువాళ్ళ అలవాటని ఆమె అన్నది.

అయినా అలవాటు మాటతో పోదు. ఆయన కత్తిరిస్తూనే ఉన్నారు. ఆమె గుల్కందు పెడుతూనే ఉన్నది. 2011 ఫిబ్రవరిలో, పూత నిండుగా ఉన్న రోజులలో, ఆమె మరణించింది.

శ్రాద్ధం ముగిసిన కొన్నాళ్ళకు మాస్టర్‌మశాయ్ కత్తెర తీసుకుని డాబా ఎక్కారు. వాడిన పువ్వులు కొమ్మలమీదనే ఎండి ఉన్నాయి. ఒకదాని తరువాత ఒకటి కత్తిరిస్తూ నెలసరి గులాబి కుండీ వద్దకు వచ్చారు. అక్కడ నాలుగు తొడిమలకు ఎర్రదారం ముడివేసి ఉన్నది. పూజలో చేతికి కట్టుకునే దారం. ఈ నాలుగింటినీ వదలండి అని చెప్పటానికి ఆమె ఎన్నిసార్లు కట్టిందో, ఎన్నిసార్లు ఆయన చూడకుండానే కత్తిరించారో! ఆయన కత్తెర గోడమీద పెట్టి కిందికి దిగివచ్చారు.

ఆ ఏడాది చైత్రానికి నాలుగు కాయలూ పండాయి. మరుసటి శీతాకాలంలో ఆయన రెండు కుండీలను పూర్తిగా కాయలకు వదిలారు; ఆపై ఏడాది నాలుగు. పూత తగ్గింది. కోడలు, "బాబా, ఈసారి మొక్కలు అంత బాగా పూయలేదు," అన్నప్పుడు, "కాస్తున్నాయి, బౌమా," అని మాత్రం అనేవారు.

కాయలతో పని చేయటం రేకులతో చేసినంత సుఖం కాదు. నిలువునా కోస్తే లోపల గింజల చుట్టూ సన్నని నూగు ఉంటుంది. అది గొంతులో పడితే దురద, మంట. దానిని చిన్న చెంచాతో గీకి, పలుమార్లు కడగవలె. రాగిపాత్ర పనికిరాదు, రాగి తగిలితే సి విటమిను త్వరగా నశిస్తుంది. ఇంట్లో తరతరాల ఇత్తడి, రాగి పాత్రలు ఉండగా, మాస్టర్‌మశాయ్ బజారుకు పోయి ఒక పింగాణీ పూత గిన్నె కొనుక్కు వచ్చారు. కాయలను నలిపి, నీటిలో కొద్దిసేపే మరిగించి, రెండు మడతల గుడ్డలో వడగట్టేవారు. నూగు ఒక్క పోగైనా రాకుండా రెండవసారి వడగట్టేవారు. ఏడాదికంతా ఒక చిన్న సీసా పానకం వచ్చేది. ఇంటిలోని ప్రతివారికి ఒక్కొక్క చెంచా. మనుమడు పళ్ళు బిగపట్టి తాగి, "దాదూ, ఇది గులాబివలె లేదు," అనేవాడు. "గులాబి అంటే రేకులొక్కటే అనుకున్నావు గనుక," అని ఆయన అనేవారు. ఒకప్పుడు ఆయనా అట్లాగే అనుకున్నారు.

2020 మార్చిలో దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు మల్లిక్‌ఘాట్ పూలబజారు మూతపడింది. పల్లెలలో రైతులు పండిన గులాబీలను కోసి పారవేశారు. సందులో గృహదేవతలకు పువ్వు కరవైనది. ఇరుగుపొరుగు స్త్రీలు కింద నిలిచి, "మాస్టర్‌మశాయ్, ఒక్క పువ్వు," అని అడిగేవారు. తాడుకు కట్టిన బుట్టలో ఆయన పువ్వులు దింపేవారు. ఆ ఏడాది గుల్కందు లేదు. అరుగు ముందర నిలిచి అడిగేవారిని పై అంతస్తునుండి చూస్తున్నప్పుడు ఆయనకు ఏమి గుర్తుకు వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. అడిగినవారికి లేదనలేదు, అంతే.

మే 20వ తేదీన అంఫన్ తుఫాను వచ్చింది. నగరంలో గాలి గంటకు 110 కిలోమీటర్లకు మించిన వేగంతో వీచింది. వేలాది చెట్లు కూలాయి. శిబ్‌పూర్ ఉద్యానంలోని పేరుపడ్డ మర్రిచెట్టు కూడా దెబ్బతిన్నది. తెల్లవారి డాబా ఎక్కి చూస్తే పన్నెండు కుండీలలో ఏడు పగిలి ఉన్నాయి. నెలసరి గులాబి పక్కకు ఒరిగి, వేళ్ళు బయటపడి, ఇంకా రెండు పచ్చికాయలు పట్టుకుని ఉన్నది. మనుమడు దానిని పాత బకెట్‌లో నాటాడు.

మొక్క బ్రతికింది గాని, ఇల్లు ఆట్టే కాలం నిలవలేదు. గోడలు బీటలు తీశాయి. అన్నదమ్ముల పిల్లలు వాటాదారులు. మరమ్మతుకు ఎవరివద్దా డబ్బు లేదు. 2022లో ఇంటిని కట్టడపు వ్యాపారికి అప్పగించారు. పాత మేడ పడగొట్టి అయిదంతస్తుల భవనం కడతారు. ఒక్కొక్క వాటాకు ఒక్కొక్క ఫ్లాటు. ఇందులో అన్యాయం ఏమీ లేదు. ఆ సందులో ఇంటింటా జరిగినదే. కాని కొత్త భవనపు డాబా అందరిది. అందరిదైన డాబామీద ఎవరూ కుండీలు పెట్టరాదని ఒడంబడికలో వ్రాశారు. మాస్టర్‌మశాయ్ ఆ షరతును రెండుసార్లు చదివి సంతకం చేశారు. దక్షిణపు వైపు చిన్న వరండా ఒకటి వస్తుందని కొడుకు అన్నాడు.

మొక్కలను పంచిపెట్టారు. ఎడ్వర్డ్ గులాబీలు పక్క సందులోని ఒక గుజరాతీ కుటుంబానికి వెళ్ళాయి. వారి ఇంట గుల్కందు వాడకం ఉన్నది. ఇచ్చేటప్పుడు ఆయన ఒకే మాట చెప్పారు: "మందు చల్లితే తినకండి. తినదలిస్తే చల్లకండి." నెలసరి గులాబి కొమ్మలు కోసి నాలుగు ఇళ్ళకు ఇచ్చారు. చైనా గులాబి కొమ్మ తడి ఇసుకలో గుచ్చితే వేరు పడుతుంది. తల్లి మొక్క బకెట్‌తో సహా అద్దె ఇంటికి వెళ్ళింది.

ఆ అద్దె ఇంట్లో ఒక రోజున కోడలు రిఫ్రిజిరేటరు శుభ్రం చేస్తూ, చేపల డబ్బాకూ ఆవపిండి సీసాకూ మధ్య ఒక చిన్న డబ్బా చూచింది. తెరిస్తే తడి గుడ్డలో చుట్టిన గింజలు. పారవేయబోతుండగా కొడుకు పరుగెత్తివచ్చి లాక్కున్నాడు. గులాబి గింజ మొలవాలంటే కొన్ని వారాలు చలిలో తడిగా ఉండవలె; కలకత్తాలో ఆ చలి రిఫ్రిజిరేటరులో తప్ప దొరకదు. ఆ కిటుకు దాదూ చెప్పినదే.

"కొమ్మ గుచ్చితే వస్తుంది గదా, ఈ గింజల గొడవ ఎందుకు?" అని ఆమె అడిగింది.

పిల్లవాడు తాత వైపు చూచాడు. మాస్టర్‌మశాయ్ కుర్చీలోనుండి, "కొమ్మ గుచ్చితే ఉన్న మొక్కే మళ్ళీ వస్తుంది, బౌమా. గింజనుండి వచ్చేది కొత్త మొక్క. తేనెటీగ ఏ పువ్వునుండి వచ్చిందో మనకు తెలియదు గదా," అన్నారు.

ఆమె డబ్బా మూత పెట్టి తిరిగి చేపల పక్కన ఉంచింది.

పదకొండు గింజలు వేస్తే మూడు మొలిచాయి. వాటిని పెరుగు కుండలలో నాటి కిటికీ గట్టుమీద పెట్టారు. మొదటి ఆకులకు ఎర్రటి అంచు ఉన్నది. పువ్వు ఒంటిరేకుదో ముద్దదో, వాసన ఉన్నదో లేదో, కాయ కాస్తుందో కాయదో తెలియటానికి ఇంకా కొంతకాలం పడుతుంది. పిల్లవాడు ప్రతి ఉదయం బడికి పోయేముందు వాటికి నీళ్ళు పోస్తాడు. గట్టుమీద పాత కత్తెర కూడా ఉన్నది గాని, దానితో ఇప్పుడు దారాలు కత్తిరిస్తున్నారు.